ఈలకు పడిన తెర

మా కళాకారుల సంఘం అధ్యక్షుడు కర్నూల్లో నిక్షేపంగా ఉన్నాడు. ఇది ఆయన కంట పడుతుంది. పడాలనే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ మీద, పెళ్ళిపత్రికల్లో, సన్మానాల జ్ఞాపికల మీద తన పేరు చూసుకుని మురిసిపోయే మనిషి ఆయన. అచ్చులో ఇంకొకసారి చూసుకునే సంతోషం నా చేతిమీదుగా దక్కనివ్వను.

నేను స్టేజీ మేనేజర్ని. పద్యనాటకాలు బాగా చూసినవాళ్ళకు కూడా ఈ పని ఏమిటో తెలియదు. మూడుసార్లు గంట కొట్టి ఆట మొదలుపెట్టించేది నేను. ఎవరు ఏ వింగులో నుంచి, అంటే స్టేజీ పక్క మరుగులో నుంచి, రావాలో చూసేది నేను. రాజసభ తెర ఎత్తి అడవి తెర దించేది, గద మరిచిపోయి స్టేజీ మీదికి పోబోతున్నవాడి చేతిలో గద పెట్టేది, పద్యం ఎత్తుగడ గుర్తురాక నీళ్ళు నములుతున్నవాడికి పక్కనుంచి మొదటి మాట అందించేది, కిరీటం బిగించేది, సీను చివర ఏ క్షణాన తెర పడాలో చెప్పేది నేను. మాది ఆలూరు తట్టు. బడికి పోయింది తక్కువ. అక్షరాలు కూడబలుక్కున్నది నాటకాల పుస్తకాల్లో, వింగు పక్కన వేలాడే బల్బు కింద. అందుకే నాకు కోపం వస్తే నోట గ్రాంథికం వస్తుంది. ఇంకా ఎక్కువ వస్తే మా ఊరి భాష వస్తుంది. ఆ రెండో రకం ఇక్కడ రాయడానికి వీలుపడదు.

తెర సంగతి ఒకటి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వేరే ప్రాంతాల్లో తెర వేయడానికి స్టేజీ మేనేజరు విజిలు ఊదుతాడు, తాడు దగ్గర ఉన్నవాడు లాగుతాడు. మా సీమలో అది కుదరదు. మా జనానికి పద్యం నచ్చితే ఈల వేస్తారు. రాగం పైకి పోతే ఇంకా గట్టిగా వేస్తారు. ఏది ప్రేక్షకుడి ఈల, ఏది మేనేజరు విజిలు అని తాడు పట్టుకున్నవాడు యాడ తేల్చుకుంటాడు? అందుకని మా పెద్దవాళ్ళు ఎర్ర తువ్వాలు పెట్టారు. తువ్వాలు మేనేజరు భుజం మీద ఉన్నంతసేపు తెర కదలదు. చేతిలోకి వస్తే సిద్ధంగా ఉండాలి. విదిలిస్తే లాగాలి. తాడు పట్టుకున్నవాడు నాటకం చూడడు, వినడు. ఎదుటి వింగులో తువ్వాలు ఒక్కటే చూస్తాడు. నా వయసంతా నా భుజం మీద ఆ తువ్వాలు ఉంది. మా ఇంటావిడ ఉన్నన్నాళ్ళూ దాన్ని వేరే బట్టలతో కలిపి ఉతకలేదు, రంగు అంటుతుందని కాదు, అది పనిముట్టని.

సంఘం పెట్టిన రోజు బెంచీలు మోసినవాళ్ళలో నేనొకణ్ణి. బెంచీలు వేసి, వెనక నిలబడి, నిబంధనలు చదువుతుంటే విన్నాను. రంగస్థలంపై ప్రేక్షకులకు కనిపించి నటించువారు, పాడువారు, వాయించువారు సభ్యులట. హార్మోనియం ఆయన సభ్యుడయ్యాడు, తబలా ఆయన అయ్యాడు, స్టేజీ పక్కన జనానికి కనబడేట్టు కూర్చుంటారు కాబట్టి. మేకప్ మనిషి కాలేదు. లైట్లాయన కాలేదు. మేము కాలేదు. స్టేజీ మేనేజరు జనానికి కనబడ్డాడంటే ఆ పూట పని చెడగొట్టినట్టు. కనబడనందుకు మమ్మల్ని పనిమంతులని మెచ్చుకున్నవాళ్ళే, కనబడనందుకు మీరు సభ్యులు కారన్నారు. చాలా ఏళ్ళు ఊరుకున్నాం. ఊరుకోవడం మా పనిలో భాగం కదా, వింగులో నోరెత్తకూడదు.

తర్వాత ఈయన అధ్యక్షుడయ్యాడు. భూములున్న ఇల్లు, కాంట్రాక్టు పనులు, దేవుడి వేషం. గొంతు ఉంది, ఉన్నదాన్ని లేదనను. ఈయన వచ్చాక ఒక సర్వసభ్య సమావేశానికి, సభ్యుణ్ణి కాకపోయినా, పోయాను. నాతో పాటు కడప నేస్తుడు కూడా వచ్చాడు. ఆయన కూడా స్టేజీ మేనేజరే, నాకంటే పెద్దవాడు. ఒకరినొకరు మామా అని పిలుచుకుంటాం, చుట్టరికం ఏమీ లేదు. వెనక వరసలో నిలబడి అడిగాను.

"అధ్యక్షా, స్టేజీ మేనేజర్ల సంగతి ఏమైంది?"

"ఏ సంగతి పెద్దాయనా?"

"సభ్యత్వం సంగతి."

మైకు దగ్గరికి లాక్కున్నాడు. "తెర లాగేటోడు కళాకారుడైతే కుర్చీలేసేటోడు గూడా కళాకారుడే గదప్పా! టీ తెచ్చేటోడు? రేపు మా డ్రైవరు గూడా కార్డు అడుగుతాడు, ఏం చెప్పల్ల?"

హాలంతా నవ్వింది. నా చేత్తో కిరీటం పెట్టించుకున్నవాళ్ళు నవ్వారు. నేను అందించిన మాట పట్టుకుని వన్స్ మోర్ కొట్టించుకున్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

"అయినా తెర లాగేది ఏమన్నా విద్యనా? ఈల కొడితే తాడు లాగేది. మా సైటులో కూలోళ్ళు గూడా లాగుతారు" అని కూర్చున్నాడు.

నేను ఇంకేదో అనబోతే నా నేస్తుడు చొక్కా పట్టి గుంజాడు. "పా మామా. ఈడ మనం అరిచినా వాళ్ళకు తబలా మాదిరే వినబడుతాది."

ఆ నవ్వు దగ్గర ఆయన ఆగి ఉంటే నేను కూడా ఆగేవాణ్ణేమో. ఆగలేదు.

కమలాపురం పక్క ఊళ్ళో తిరణాల నాటకం. మేనేజరు నా నేస్తుడు. అధ్యక్షుడిది దేవుడి వేషం. నేను ఊరికే చూడ్డానికి పోయి ఉన్నాను. ఇంకా పొద్దు గుంకలేదు. వెనక తెర కడుతుంటే వెదురు బొంగు జారింది, దాంతోపాటు నిచ్చెన జారింది, దాని మీద ఉన్న మనిషి జారాడు. పడ్డ చోటు నుంచి లేవలేదు. తుంటి విరిగిందని చూసినవాళ్ళకు వెంటనే తెలిసిపోయింది, కాలు పెట్టాల్సిన వైపు లేదు. అప్పుడే మేకప్ గదిలో నుంచి అధ్యక్షుడు వచ్చాడు, నీలం రంగు పూసుకుని, పట్టుపంచె కట్టుకుని.

"ఎవురది?"

"తెర కట్టే ఆయన. పడినాడు."

"ఎవురన్నా ఆటో పిలవండప్పా. జనం కూర్చోని ఉండారు. గంట కొట్టండి."

అని, పంచెకు దుమ్ము అంటకుండా కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, కింద పడి ఉన్న మనిషిని దాటి పోయాడు. చుట్టి పోవడానికి చోటుంది. దాటి పోయాడు. మా పక్క పడుకున్న మనిషిని దాటరు. పసిపిల్లలను దాటినా వెనక్కి రమ్మని మళ్ళీ దాటిస్తారు. ఆయనను వెనక్కి రమ్మనేవాళ్ళు అక్కడ లేరు.

ఆటోలో నా నేస్తుడి తల నా ఒళ్ళో ఉంది. నొప్పికి చెమటలు కారుతున్నాయి. ఊరు దాటకముందే గంట వినబడింది. కళ్ళు తెరిచి అన్నాడు, "మూడో గంట అప్పుడే యాల కొట్టినారు మామా? ఆయప్ప చక్రం ఇంకా పెట్టెలోనే ఉండాది."

కడప ఆస్పత్రిలో కడ్డీ వేశారు. ఆయన నడక నాలుగు కాళ్ళ స్టాండుకు అప్పజెప్పారు. నేను చూడ్డానికి పోయినప్పుడు కాలు గురించి ఒక్కమాట చెప్పలేదు. వేరే చెప్పాడు.

"నేను చేసే పని ఏందని అడిగినారు మామా. స్టేజీ మేనేజరు అంటే ఆ నర్సమ్మకు తెలీలే. నాటకాల్లో వేషం కడతావా అనింది. లేదమ్మా అన్నా. పాడతావా అనింది. లేదన్నా. మరేం చేస్తావు అనింది. తెరలు కడతా అన్నా. కూలి అని రాసుకునింది."

"రాసుకుంటే రాసుకోనీలే."

"కూలిపని తక్కువని గాదు. ఇన్నేండ్లు నేను చేసిందానికి ఒక పేరుంది గదా. ఆ సంఘం కార్డు ఉంటే చూపిచ్చేటోణ్ణి." దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుని అన్నాడు, "సచ్చేలోపల ఆ కార్డు నా జేబులో పడల్ల మామా. ఒక్కసారన్నా ఆయప్ప ఎదురుగా కూర్చోని చెయ్యెత్తల్ల. ఏ పక్కకు ఎత్తేది తర్వాత చూస్తాం."

కార్డుతో వృద్ధ కళాకారుల పింఛనుకు సంఘం ఉత్తరం కూడా వస్తుంది. అది అవసరమే. కానీ ఆయన అడిగింది అది కాదు.

మర్నాడు కర్నూలు వచ్చి నేరుగా అధ్యక్షుడి ఇంటికి పోయాను. కొత్త ఇల్లు, గేటు దగ్గర నుంచి నాపరాయి. నన్ను లోపలికి రమ్మనలేదు. పైన వరండాలో నిలబడి మాట్లాడాడు, ఫోను చూసుకుంటూ.

"రూలుండాది గదా పెద్దాయనా. కనబడినోళ్ళకే కార్డు. నేను రాసిన రూలు గాదు అది."

"మార్చేది మీ చేతిలో ఉండాది."

"అంతగా కావాలంటే ఒకసారి మొగానికి రంగేసుకోమను. భటుడి వేషం ఇప్పిస్తా. ఊరికే నిలబడేదే." ఫోనులో నుంచి తలెత్తి చూసి తానే నవ్వాడు. "నిలబడలేడు గదా. కుంటి భటుడు. కొత్తగా ఉంటాది."

బయటికి వచ్చి గేటు వేసి, గొళ్ళెం పెట్టి, పడిందో లేదో చూసుకుని వచ్చాను. పని సగంలో వదలడం నాకు అలవాటు లేదు.

సంఘం ఏటా కడపలో నాటకోత్సవం చేస్తుంది. అది దగ్గర పడుతోంది. రెండు జిల్లాల్లో మా పని చేసేవాళ్ళు ఎక్కువమంది లేరు. ఒక్కొక్కరికీ ఫోను చేశాను. ఉత్సవంలో ఎవరూ తాడు ముట్టకూడదు, స్టేజీ ఎక్కకూడదు. వాళ్ళ రూలు ప్రకారం స్టేజీ సభ్యులది. మనం సభ్యులం కాము. అంతే. అందరూ సరేనన్నారు. ఒకాయన మాత్రం నసిగాడు.

"మా పిల్లోడు ఆయప్ప సైటులోనే చేస్తాండాడు మామా. నేను రానంటే బాగుండదు."

"రానని చెప్పొద్దు. ఆ పొద్దు నీకు విరేచనాలు."

"ఎట్ల పట్టుకుంటాయి?"

"అది నన్నడుగుతావా? నిన్నటి సద్ది తిను, వేడి నీళ్ళు తాగు, ఏమన్నా చెయ్యి. పట్టుకోవాల."

పట్టుకున్నాయి. నిజంగానే పట్టుకున్నాయట పాపం, అబద్ధం ఆడితే ముఖం మీద తెలిసిపోతుందని భయపడి.

మేము రావడం లేదని తెలిసి అధ్యక్షుడు ఒక మాట అన్నాడని చెప్పారు: "కనబడనోళ్ళు కనబడకపోతే తేడా ఏముండాది?" మాట బాగుంది. నేనూ ఒప్పుకుంటాను. సంఘం కార్యదర్శి, ఋషి వేషాలు కట్టే రిటైరైన మేష్టారు ఒకాయన ఉన్నాడు, ఆయన్ను మేనేజరుగా పెట్టాడు. తన సైటు నుంచి ఇద్దరు కూలీలను రప్పించి తాడు దగ్గర నిలబెట్టాడు. అన్నమాట నిలబెట్టుకునే మనిషి.

నేను టికెట్టు తీసుకుని ముందు వరసలో కూర్చున్నాను. ఎర్ర తువ్వాలు సంచిలో ఉంది. ఎందుకు తెచ్చుకున్నావంటే, వంట చేసేవాళ్ళు ఊరికి పోతూ గరిటె వెంట తీసుకుపోరు కానీ, నాకు ఆ తువ్వాలు లేకపోతే ఏదో ఒంటి మీద చొక్కా లేనట్టు ఉంటుంది. పొద్దున నుంచి నాటకాలు. తెర పక్కన మేష్టారు మెళ్ళో ఒక ప్లాస్టిక్ విజిలు వేలాడుతూ కనబడింది. బళ్ళో ఆటల పీరియడ్లో ఊదేది. ఊదుతున్నాడు, కూలీలు లాగుతున్నారు. తెర చక్కగా పడుతోంది, లేస్తోంది. పొద్దున ఆటలకు జనం లేరు. జనం లేకపోతే ఈలలు లేవు. ఈలలు లేనంతసేపు విజిలు బాగానే పనిచేస్తుంది. అధ్యక్షుడు పక్క తలుపు దగ్గర నిలబడి నా వైపు చూసి చెయ్యి ఊపాడు, చూడు నువ్వు లేకుండానే జరుగుతోంది అన్నట్టు. నేను కూడా ఊపాను. నా నోట్లో తేనె పడినట్టుంది. ఆయన నాటకం మధ్యాహ్నం భోజనాల తర్వాత. అప్పటికి హాలు నిండుతుంది.

నిండింది. ప్రొద్దుటూరు నుంచి, జమ్మలమడుగు నుంచి, ఆ పక్క పల్లెల నుంచి పద్యం పిచ్చి ఉన్న జనం వచ్చారు. మొదటి వరసలో నాకు అవతల ఒక పెద్ద ఆఫీసరు, ఆయన భార్య. మూడో గంట అయింది. తెర లేచింది. దేవుడి వేషంలో అధ్యక్షుడు, నెత్తిన కిరీటం, చేతిలో చక్రం. ఈసారి పెట్టెలో మరిచిపోలేదు. పద్యం ఎత్తుకున్నాడు. మూడో పాదంలో రాగం పైకి తీసుకుపోయాడు. గొంతు నిజంగా లేచింది ఆ రోజు. వెనక నుంచి ఎవరో ఆనందం పట్టలేక ఈల వేశారు.

తెర పడింది.

ఆ మొదటి ఈల నాది కాదు. ఇది ఒట్టు పెట్టి చెబుతున్నాను. రాగం మాత్రం తెర వెనక నుంచి ఇంకా వినబడుతూనే ఉంది, బావిలో నుంచి వచ్చినట్టు. తర్వాత అదీ ఆగింది. జనం నవ్వారు. తెర లేచింది. ఆయన మొహం చూస్తే నీలం రంగు కింద ఎరుపు. పద్యం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ ఆ మూడో పాదం. ఆయన ఊపిరి ఎక్కడ తీస్తాడో, గమకం ఎక్కడ వేస్తాడో నాకు తెలియనిది కాదు. సరిగ్గా ఆ శిఖరం మీదికి ఎక్కేదాకా ఆగి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాను. ముందు పళ్ళు ఇంకా నావే.

ఆ ఈల నాది. అలాంటి ఈల నేను పడుచువయసులో కూడా వేయలేదు.

తెర పడింది. తెర వెనక మేష్టారు కేకలు వేయడం మైకులో అందరికీ వినబడింది. "నా విజిలుకే లాగండిరా! నా విజిలుకే!"

"ఏది నీదో మాకెట్ల తెలుస్తాది సార్? అన్నీ ఈలలే గదా!"

అంతే, హాలుకు సంగతి అర్థమైపోయింది. ఈల వేస్తే తెర పడుతుంది. ఇంత మంచి ఆట మా జనానికి ఎప్పుడూ దొరకలేదు. తెర లేవగానే బాల్కనీ నుంచి ఒక ఈల. పడుతుంది. లేస్తుంది. ఇంకో మూల నుంచి ఇంకొకటి. ఫోన్లు పైకి లేచాయి, వీడియోలు తీస్తున్నారు. ఆఫీసరు భార్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూలీల తప్పేమీ లేదు. ఈలకు లాగమన్నారు, లాగుతున్నారు. లాగక ఊరుకుంటే మేస్త్రీ తిడతాడని అలవాటైన చేతులు. నా మటుకు నేను రెండోసారి వేయలేదు. అవసరం రాలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా చూస్తే పద్యం సాగనందుకు దిగులు పడుతున్న ముసలాయన అనుకుంటారు.

చివరికి తెర దించేసి, కొద్దిసేపు విరామం అన్నారు. హార్మోనియం ఆయన నా దగ్గరికి వచ్చి వంగి చెవిలో చెప్పాడు.

"రా మామా, పిలుస్తాండాడు."

"ఎవురు?"

"ఎవురో నీకు తెలీదా? దేవుడు."

"దేవుడైతే దిగి రావాల. భక్తులు పైకి పోయే పద్ధతి లేదు."

హార్మోనియం ఆయన నవ్వు ఆపుకుంటూ పోయి అదే మాట చెప్పి ఉంటాడు. ఎందుకంటే కాసేపటికి స్టేజీ పక్క మెట్లు దిగి అధ్యక్షుడే వచ్చాడు, కిరీటంతో, నీలం రంగుతో. జనం మాటలు ఆపి చూస్తున్నారు. గొంతు తగ్గించి మాట్లాడాడు. నేను తగ్గించలేదు.

"పెద్దాయనా, పైకి రా. ఆఫీసరు ముందర మర్యాద పోతాండాది."

"నేను ప్రేక్షకుణ్ణి. స్టేజీ సభ్యులది."

"నీకు గౌరవ సభ్యత్వం ఇస్తాం లే. శాలువా గూడా కప్పుతాం."

"గౌరవం మా ఇంట్లో ఉండాది. సభ్యత్వం ఇయ్యి. ముందు నాకు గాదు, ఆయనకు."

"ఎవురికి?"

"పంచె ఎత్తి పట్టుకొని దాటిపోయినావే, ఆయనకు. ఆయన తర్వాత స్టేజీ మేనేజర్లందరికీ. మేకప్ మనిషికి. లైట్లాయనకు."

పక్కకు చూశాడు. ఆఫీసరు ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ వింటున్నాడు.

"సరే. సహాయ సభ్యులు అని రాయిస్తా."

సహాయ సభ్యులంటే ఓటు ఉండదు. నాకు తెలియదనుకున్నాడు. నేను రెండు వేళ్ళు పెదాల దగ్గరికి తీసుకుపోయాను.

"వద్దొద్దు! పూర్తి సభ్యత్వమే. పూర్తి."

"నాకు చెప్తే సాలదు. ఆ పొద్దు మైకులో నవ్విచ్చినావు. ఈ పొద్దు మైకులో చెప్పు."

చెప్పాడు. తెర ముందర నిలబడి, మైకు పట్టుకుని, తెర వెనక పనిచేసేవాళ్ళందరూ కళాకారులే, అందరికీ పూర్తి సభ్యత్వం అని చెప్పాడు. నేను అక్కడితో వదలలేదు. కార్యవర్గం మొత్తం ఆ నాటకంలోనే ఉంది, వేషాల్లో. రాజులు, ఋషి, ఇద్దరు రాక్షసులు. అందరినీ తెర ముందరికి పిలిపించి, జనం ఎదుట చేతులు ఎత్తించాను. ఫోన్లలో వీడియో ఎటూ నడుస్తోంది. రాక్షసుల్లో ఒకాయన ఆ సమావేశంలో ముందు వరసలో నవ్వినవాడు. గద ఉన్న చెయ్యే ఎత్తాడు. ఇంకో చెయ్యి ఎత్తమన్నాను.

అప్పుడు సంచిలో నుంచి తువ్వాలు తీసి, దులిపి, భుజాన వేసుకుని మెట్లెక్కాను. కూలీలకు చెప్పాను: "ఈలలు వినొద్దు. నా భుజం చూడండి." అంతే. తర్వాత ఎన్ని ఈలలు పడ్డా తెర కదల్లేదు. మా జనానికి ఆట పోయి నాటకం మిగిలింది.

చివరి సీను దేవుడు తన నిజరూపం చూపించేది. వీపుకు రెండు జతల కొయ్యచేతులు కట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి చక్రం పట్టుకుని, ఎడమకాలు ముందుకు పెట్టి కదలకుండా నిలబడాలి. ఆ నిలబడినదాని మీద తెర పడాలి. కొయ్యచేతులు బరువు; నేనే కడతాను కాబట్టి తెలుసు. ఆ రోజు కూడా నేనే కట్టాను, బాగా బిగించి. మామూలుగా జనం ఒక్కసారి చప్పట్లు కొట్టేలోపల తెర వేసేస్తాను.

పద్యం అయింది. నిలబడ్డాడు. చప్పట్లు మోగాయి. తువ్వాలు నా భుజం మీదనే ఉంది.

హార్మోనియం ఆయన నా వైపు చూశాడు. మా పనిలో కంటిచూపు చాలు. ఆయన శ్రుతి ఆపకుండా తిత్తి ఊపుతూ కూర్చున్నాడు. జనం ఇంకా కొట్టారు, దేవుడు ఇంత సేపు నిలబడితే ఇంకా గొప్పగా అనిపించింది వాళ్ళకు. ఆ చప్పట్లు ఆయనకే. నేను పంచుకోలేదు. కాసేపటికి చక్రం ఉన్న చెయ్యి దిగబోయి మళ్ళీ లేచింది. నుదుటి నుంచి చెమట నీలం రంగులో దారులు తీసుకుంటూ వచ్చింది. పెదాలు కదపకుండా, పళ్ళ మధ్య నుంచి, "తెర... తెర..." అన్నాడు. నేను తువ్వాలు మీద చెయ్యి వేశాను. ఆశగా చూశాడు. మడత సరిచేసి మళ్ళీ భుజానే వేసుకున్నాను.

ఆ పొద్దు ఆయన దాటిపోయినప్పుడు నా నేస్తుడి కాలు ఎటు తిరిగి ఉందో, అదే కళ్ళ ముందు చూస్తూ నిలబడ్డాను నేను. ఎంతసేపని లెక్క పెట్టలేదు. ఆయన ముందుకు పెట్టిన మోకాలు వణకడం మొదలైంది. ఆ వణుకు మూడో వరస దాకా కనబడుతుందనుకున్నప్పుడు తువ్వాలు విదిలించాను. సీను చెడిపోలేదు. చెడగొట్టడం నాకు చేతకాదు. తెర పడ్డాక ఆయన అక్కడే కూలబడ్డాడు, కొయ్యచేతుల ముడి విప్పమన్నట్టు చూశాడు. మేష్టారు విప్పుతాడులే అని నేను టీ తాగడానికి పోయాను.

కార్డు కోసం మూడు రోజులు సంఘం ఆఫీసు గుమ్మంలోనే కూర్చున్నాను. ఇచ్చారు. బస్సెక్కి కడప పోయి నా నేస్తుడి చేతిలో పెట్టాను. ఫోటో చూసుకున్నాడు. పేరు పక్కన 'కళాకారుడు' అన్న మాట మీద వేలు పెట్టాడు. చొక్కా జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. జరిగిందంతా చెప్పించుకున్నాడు. కొయ్యచేతుల దగ్గరికి వచ్చేసరికి నవ్వితే తుంటి కలుక్కుమంది.

"ఎంతసేపు నిలబెట్టినావు మామా?"

"శానాసేపు."

"నేను చూళ్ళేదు గదా." నవ్వు పోయింది ముఖంలో నుంచి. "అందురూ చూసినారు. నేను చూళ్ళేదు."

వీడియో చూపించాను. చిన్న తెరలో చూసి, ఇది కాదు అన్నట్టు ఫోను తిరిగి ఇచ్చేశాడు.

ఇప్పుడు సంఘం ఎన్నికలు వస్తున్నాయి. తెర వెనకవాళ్ళం మేకప్ తోటి, లైట్ల తోటి, తాళ్ళ తోటి లెక్కకు బాగానే తేలాం. మొన్న మధ్యాహ్నం నా ఫోను మోగింది. నా నేస్తుడు.

"మామా, నీ దేవుడు వచ్చి ఉండాడు మా ఇంటికి. ఓటు అడిగేదానికి. యాపిల్ పండ్లు తెచ్చినాడు."

"ఇంకా ఉన్నాడా?"

"ఈడనే ఉండాడు, నా మంచం ఎదురుగా. నిలబడినాడు."

"కూర్చోమనలేదా?"

"కుర్చీలేసేటోళ్ళు మా ఇంట్లో లేరని చెప్పినా. వాళ్ళేమన్నా కళాకారులా ఏంది, పెట్టుకునేదానికి?"

వెనక ఎవరో గొంతు సవరించుకోవడం వినబడింది. ఆ గొంతు నాకు తెలుసు.

"నీ తువ్వాలు యాడుండాది మామా?" అని అడిగాను.

"భుజం మీదనే. కార్డు జేబులో. ఏమి, ఫోను పెట్టమంటావా?"

"పెట్టొద్దు" అన్నాను. "మీ పక్క వానలెట్ల ఉండాయో చెప్పు."